కోట తుపాకి, కాలేజి గురి

యుద్ధమునందు పుట్టి, యుద్ధమునే మరచి, తుదకు క్రీడలుగా పరిణమించిన విద్యలు లోకమున ననేకములు కలవు. ఈటె విసరుట, కత్తిసాము, కుస్తీ, విలువిద్య, గుఱ్ఱమును దౌడు తీయించుచు నేలలో పాతిన మేకును బల్లెముతో పెరుకుట - ఇవి యన్నియు నొకప్పుడు రాజుల కొలువులో కూడుపెట్టిన పనులే కాని పొద్దుపుచ్చుటకై కల్పించుకొన్న యాటలు కావు. శత్రువు తొలగిన పిమ్మట గూడ విద్య మిగిలిపోవుటయు, మిగిలిన విద్యకు మనుష్యుడు క్రొత్త ప్రయోజనమును కనిపెట్టుటయు చరిత్రలో తరచుగా కానవచ్చు విశేషము. అట్టి విద్యలలో తుపాకిగురి యొకటి. దాని చరిత్రను పరిశీలించువానికి రెండు ప్రశ్నలు ముఖ్యములు: తుపాకి నెవరు పట్టవచ్చును? పట్టినవారు దానిని దేనిపై గురిపెట్టవలెను? ఈ ప్రశ్నలకు ఒక్కొక్క దేశము, ఒక్కొక్క కాలము ఇచ్చిన సమాధానములను బట్టియే ఆ విద్య యొకచోట ఊరివారి యుమ్మడి సొత్తై పెరిగినది. మరియొకచోట కోటగోడల వెనుక నుండిపోయినది. హబ్సిగూడ, తార్నాకల నడుమ, ఉస్మానియా విశ్వవిద్యాలయపు నీడలో నివసించు మనకు రెండవదానితోనే పరిచయము. కాని మన కథ సరిగా తెలియవలెనన్నచో మొదట మంచుదేశముల కథను కొంత వినవలసియున్నది.

ఆ దేశములలో బయథ్లాన్ అను క్రీడ యొకటి కలదు. పోటీదారు వీపున తుపాకిని కట్టుకొని, కాళ్లకు పొడవైన స్కీబద్దలను తొడుగుకొని, కొండలెక్కుచు దిగుచు మంచుబాటపై పరుగెత్తి, నడుమ నడుమ నాగి, యాబది మీటర్ల దూరమున నున్న ఐదు నల్లని బిళ్లలను ఐదు గుండ్లతో పడగొట్టవలెను. ఒకసారి నేలపై బోర్ల పరుండి కాల్చవలెను; అప్పుడు గురి వ్యాసము 45 మిల్లీమీటర్లు. మరియొకసారి నిలుచుండి కాల్చవలెను; అప్పుడది 115 మిల్లీమీటర్లు. తప్పిన ప్రతిగుండునకు శిక్ష కలదు. కొన్ని పందెములలో 150 మీటర్ల అదనపు చుట్టు తిరిగి రావలెను. మరికొన్నిటిలో మొత్తము కాలమునకు నిముషము చేర్తురు. పరుగునకు గుండె వేగముగా కొట్టుకొనవలెను. గురికి గుండె నెమ్మదించవలెను. పరుగెత్తువాని ఊపిరి తెరలుతెరలుగా వచ్చును. కాల్చువాని ఊపిరి క్షణకాలము నిలిచిపోవలెను. ఈ పరస్పర విరుద్ధములైన ధర్మములు రెంటిని ఒకే దేహమునుండి, ఒకే గంటలో, పలుమారులు కోరుటయే ఈ క్రీడలోని కాఠిన్యము.

దీని పుట్టుక సరిహద్దు కాపలాలో నున్నది. నార్వే స్వీడను దేశముల సరిహద్దును కాచు స్కీదళముల వారు 1767 లో తమలో తాము జరుపుకొన్న పోటీలు ఈ క్రీడకు లిఖితరూపమున దొరకు మొదటి యానవాళ్లు. అటుపై నూరేండ్లు నిండకమునుపే, 1861 లో, నార్వేలోని త్రీసిల్ అను పల్లెసీమలో తుపాకిగురికి, స్కీ పరుగునకు కలిపి యొక సంఘము వెలసినది. ప్రపంచములోని తొలి స్కీసంఘములలో నది యొకటి. దేశరక్షణ కేవలము సైనికుల పని గాక ప్రతిగ్రామవాసి పని గూడ నను భావము దానికి మూలము. రైతుకు తుపాకి యిచ్చి, ఊరిబయట గురిమైదానము నేర్పరచి, పండుగ దినములలో పోటీలు పెట్టి, తుపాకిని ఊరిసొత్తుగా మార్చిన పద్ధతి యది. కావున ఆ దేశములలో బయథ్లాన్ క్రీడాకారుడు కొలువులోని జీతగాడుగా గాక, పల్లెలోని పిల్లవాడుగా తన విద్యను ప్రారంభించును.

1924 లో ఫ్రాన్సులోని షమోని పట్టణమున మొదటి శీతకాలపు ఒలింపిక్సు జరిగినపుడు ఈ విద్య యింకను సైనికవేషమును విడువలేదు. నలుగురేసి సైనికులు దళముగా నేర్పడి పరుగెత్తి కాల్చు ఆ పందెమునకు సైనిక గస్తీ యనియే పేరు. అందు స్విట్జర్లాండు వారు గెలిచిరి. పిదప 1928, 1936, 1948 సంవత్సరములలో నది ప్రదర్శనగా మాత్రము సాగినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సైనికవాసన గల వినోదములపై లోకమునకు విముఖత కలుగుట సహజమే. ఆ విముఖత ఈ క్రీడకు చేటు చేయలేదు సరికదా మేలే చేసినది. దళము పోయి వ్యక్తి మిగిలెను. 1958 లో ఆస్ట్రియాలోని సాల్‌ఫెల్డెనులో మొదటి ప్రపంచ పోటీలును, 1960 లో అమెరికాలోని స్క్వా వ్యాలీలో మొదటి ఒలింపిక్ పందెమును వ్యక్తిగత క్రీడగానే జరిగినవి.

ఆ 1960 నాటి పందెమొక్కటి చాలును, ఈ విద్యలోని రహస్యమును బోధించుటకు. ఇరువది కిలోమీటర్ల దారి. నాలుగు చోట్ల ఐదేసి చొప్పున ఇరువది గుండ్లు. తప్పిన ప్రతిగుండునకు రెండు నిముషముల శిక్ష. ఫ్రాన్సు దేశీయుడు విక్టర్ ఆర్బే అందరికంటె వేగముగా పరుగెత్తెను. కాని యాతని ఇరువది గుండ్లలో పదునెనిమిది తప్పిపోయినవి. స్వీడను దేశపు వడ్రంగి క్లాస్ లెస్టాండర్ పరుగులో పదునైదవవాడు మాత్రమే. ఇరువది గుండ్లును గురికి తగిలినవాడు మాత్రము అతడొక్కడే. స్వర్ణపతక మాతనిదే అయ్యెను. వేగము విలువలేనిదని దీని యర్థము కాదు; వేగమును నిగ్రహించుకొన నేర్వనివానికి ఆ వేగమే శత్రువగునని మాత్రము తేటపడుచున్నది.

తరువాతి మార్పులన్నియు ఆయుధమును చిన్నది చేయుచు, మనుష్యుని పెద్ద చేయుచు వచ్చినవి. 1978 లో సైనికుల పెద్దతుపాకిని విడిచి పాయింట్ ఇరువదిరెండు కాలిబరు చిన్నతుపాకిని స్వీకరించిరి. నూటయేబది, రెండువందల మీటర్ల దూరములు పోయి యాబది మీటర్ల దూరము స్థిరపడెను. గుండు చిన్నదగుటతో గురిమైదానములు ఊళ్ల దాపునకు చేరినవి, ప్రేక్షకులు పెరిగిరి. స్త్రీలకు 1984 లో ప్రపంచ పోటీలును, 1992 లో ఆల్బర్‌విల్ ఒలింపిక్సును తలుపులు తెరచినవి. 1993 లో ఈ క్రీడకు ప్రత్యేకముగా నొక అంతర్జాతీయ సమాఖ్య యేర్పడెను. ఒక క్రీడాకారుని జీవితము ఎంత దీర్ఘముగా సాగవచ్చునో తెలియుటకు నార్వే దేశీయుడగు ఓలే ఐనార్ బ్యోర్న్‌డాలెన్ చరిత్ర చాలును. 1994 మొదలు 2014 వరకు ఆరు ఒలింపిక్సులలో పాల్గొని, ఎనిమిది స్వర్ణములతో కూడ పదుమూడు పతకములను గడించి, నలువది యేండ్ల వయస్సున సోచీలో యువకులను మించి గెలిచిన ఘను డాతడు. కండబలము ముప్పది దాటగానే తగ్గనారంభించును. గుండెను అదుపులో నుంచు నేర్పు మాత్రము వయస్సుతో పెరుగును. బయథ్లాన్ క్రీడాకారుని దీర్ఘాయువునకు కారణమిదియే.

ఇక మన నేలకు వత్తము.

హైదరాబాదునకు తుపాకి కొరత ఎన్నడును లేదు. 1687 లో ఔరంగజేబు సైన్యము ఎనిమిది నెలలు గోల్కొండను ముట్టడించి గెలిచిన పిమ్మట విడిది చేసిన బయలునకు ఫతే మైదానమని పేరు వచ్చినది. దాని సమీపముననే, రెండవ నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ పదునెనిమిదవ శతాబ్ది చివరి పాదమున ఫిరంగులను పోతపోయించెను. తోప్ కా సాంచా అను ఆ చోటు నేటికిని గన్‌ఫౌండ్రీ పేర నిలిచియున్నది. 1798 మార్చిలో రేమండు చనిపోగా, అదే యేట అక్టోబరులో ఇంగ్లీషువారు ఫ్రెంచి దళములచే ఆయుధములను విడిపించిరి. అనగా పట్టణమునకు ఆయుధము వచ్చుటయు పోవుటయు గూడ దొరల నడుమ జరిగిన బేరములే. ఊరివారికి అందులో పాలు లేదు. ఫతే మైదానము కాలక్రమమున పోలో మైదానమై, పిదప లాల్ బహదూర్ స్టేడియమై క్రీడల పాలైనది. ఫిరంగి కార్ఖానా ప్రక్కన క్రికెట్టు బ్యాటు మ్రోగుట చూచినవానికి, యుద్ధస్థలము క్రీడాస్థలమగుటకు పట్టిన రెండు శతాబ్దముల చరిత్ర యంతయు నా నాలుగు బజారుల నడుమ కానవచ్చును.

నిజాముల కాలమున గురివిద్య రెండు కొలువులలో వర్ధిల్లినది. ఒకటి వేట. 1869 నుండి 1911 వరకు సింహాసనమున నున్న మీర్ మహబూబ్ అలీఖాను గొప్ప గురికాడని, పులివేటలో దిట్టయని పేరుమోసెను. అడవిలో మంచె కట్టించి, తప్పెటలతో జనమును తోలించి, తరుముకొనివచ్చిన మృగమును పడగొట్టు ఆ వేడుకలో తుపాకి పట్టినవాడొక్కడు. తప్పెట కొట్టిన వారు వందలు. రెండవది సైన్యము. అఫ్సర్-ఉల్-ముల్కు సేనాధిపత్యమున గోల్కొండ దళము గుఱ్ఱపుస్వారి యాటలలో దేశమంతట పేరు గాంచినది. వనపర్తి సంస్థానమునుండి నిజాము కొలువునకు చేరిన ఆఫ్రికా అశ్వికదళము వారు నివసించిన పేట మాసబ్ ట్యాంకు దగ్గర ఏ.సి.గార్డ్సు పేర వెలయుచున్నది. పట్టణపు తూర్పుదిక్కున హబ్సిగూడ గూడ హబ్సీ సిపాయిల నివాసముగా ప్రసిద్ధికెక్కినదే. నేడు భూభౌతిక పరిశోధన సంస్థ, రసాయన పరిశోధన సంస్థ, జీవకణ పరిశోధన కేంద్రము వరుసగా నిలిచిన ఆ దారిలో ఒకనాడు దూరమాఫ్రికా నుండి వచ్చిన సిపాయిల బిడ్డలు ఆడుకొనిరని తలచుకొన్నచో, ఈ నేల ఎంత దూరము నడచివచ్చినదో బోధపడును.

కోటకు వెలుపలనున్న పల్లెజనమునకు గురివిద్య బొత్తిగా లేదనుట పొరపాటు. జొన్నచేలలో మంచెపై నిలిచి పిట్టలను తోలు ఆడుబిడ్డ చేతి వడిసెల కంటె గురి తప్పని ఆయుధము మరియొకటి లేదు. గోండులును కోయలును విల్లంబులతో అడవిలో బ్రతుకు సాగించినవారే. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధపోరాటములో ఆ వడిసెలలే, రోకలిబండలే, నాటు బర్మారు తుపాకులే దొరల గడీల నెదిరించినవి. అనగా ఇచట ప్రజలు గురివిద్యను క్రీడగా నేర్చుకొను తీరిక కలుగకముందే, దానిని ఆకలి కొఱకును, ఆత్మరక్షణ కొఱకును వాడవలసివచ్చినది. త్రీసిల్ రైతు దేశరక్షణకై తుపాకి పట్టెను. తెలంగాణ రైతు తుపాకి పట్టినపుడు ప్రభుత్వముపైననే గురిపెట్టవలసిన గతి కలిగినది. రెండు దేశములలో గురివిద్య భిన్నమార్గములు పట్టుటకు మూలము ఇచ్చటనే యున్నది.

ఈ మార్గమును మలుపు త్రిప్పినది కోట కాదు, కాలేజి. హైదరాబాదు అశ్వికదళము పాలస్తీనా యుద్ధభూమిలో నిలిచియున్న 1918 వ సంవత్సరముననే ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. అడిక్‌మెట్టు దరి బండరాళ్ల బయలును ఎంచుకొని, బెల్జియము దేశపు శిల్పి జాస్పరు పర్యవేక్షణలో 1934 లో పునాది వేసి, 1939 డిసెంబరు 4 వ తేదీన ఆర్ట్సు కాలేజి భవనమును ప్రారంభించిరి. అంతవరకు తార్నాక కవతల నెక్కువగా పొలములును రాళ్లునే యుండెడివి. ఆ భవనపు గులాబివన్నె రాతిమెట్లపై చదువుకొన్న పిల్లలు భాషను, శాస్త్రమును, రాజకీయమును నేర్చుకొన్నట్లే వ్యాయామమును గూడ నేర్చుకొనిరి. సిపాయికొడుకే సిపాయియగు పాతరీతిని ఈ పాఠశాలాజీవితము సడలించినది.

1948 లో భారతప్రభుత్వము చట్టము చేసి జాతీయ విద్యార్థి సైన్యదళమును, అనగా మన మెల్లరము ఎన్.సి.సి. యని పిలుచుకొను దళమును, స్థాపించినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనము కాగా, కాలక్రమమున ఉస్మానియా విద్యార్థులును ఖాకీ దుస్తులు ధరించిరి. మరుసటి యేట బాలికలకు గూడ ప్రత్యేక విభాగ మేర్పడినది. ఈ మార్పు విలువను కొందరు గుర్తింపరు. సంస్థానములో ఆయుధము ఏలికల యాస్తి. పట్టుబడిన పల్లెవానికి అది నేరము. అట్టి దేశములో, అయ్యవారి కొడుకునకు, గుమాస్తా కూతురునకు, సాలెల పిల్లవానికి నేలపై బోర్ల పరుండి పాయింట్ ఇరువదిరెండు తుపాకిని భుజమున కానించుకొను యోగ్యత కలిగినది. బయథ్లాన్ పోటీలు ముప్పదియేండ్ల తరువాత స్వీకరించిన కాలిబరే యిది.

ఎన్.సి.సి. క్యాంపులో మొదటిసారి చాంద్‌మారి యను గురిమైదానమునకు వెళ్లిన కేడెట్టు నేర్చుకొను పాఠము లెక్కకు చాల చిన్నది. పాతికగజముల దూరము, ఐదు గుండ్లు, ఒక కాగితపు గురి. ఎడమమోచేతిని తుపాకిక్రింద నిలువుగా నుంచవలెను. బట్టును భుజపుగుంటలో గట్టిగా నదుముకొనవలెను. వెనుక సైటు నడుమ ముందరి సైటు మొనను నిలిపి గురి అడుగున చేర్చవలెను. గాలి పీల్చి, సగము విడిచి, మిగిలినది పట్టియుంచి, ట్రిగ్గరును లాగక మెల్లగా నొక్కవలెను. ఉస్తాదు చూచునది గుండు నడుమ తగిలినదా లేదా యని కాదు. ఐదుగుండ్లును ఒకదాని ప్రక్కన నొకటి పడినవా లేదా యని. దానినే గ్రూపింగు అందురు. గుండ్లు గుంపుగా నొక మూలన పడినచో తప్పు సైటుది, దానిని సవరింపవచ్చును. నలుదిక్కుల చెదరినచో తప్పు మనిషిది. ఈ చిన్నసూత్రములో గురివిద్య యంతయు నిమిడియున్నది.

దేశమునందు ఈ విద్యకు క్రీడారూపము కల్పించుటకై 1951 లో జాతీయ రైఫిలు సంఘము వెలసినది. లోక్‌సభ మొదటి స్పీకరు మావలంకరు దాని మొదటి యధ్యక్షుడు. ఆయన పేర నేటికిని పోటీలు జరుగుచున్నవి. ఐనను తొలినాళ్లలో ఒలింపిక్ స్థాయి క్రీడాకారులలో సంస్థానాధీశులును సైనికాధికారులును ప్రముఖులు. బికనీరు మహారాజు కర్ణీసింగు 1962 లో ప్రపంచ పోటీలలో రజతపతకము గెలుచుట ఆ కాలపు ఘనత. 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము తుపాకి పట్టుటకు లైసెన్సు కావలెను. దానిని సంపాదించుట సామాన్యునకు సులభము కాదు. ఈ గోడకు మొదటి కిటికీ తెరచినది గాలితుపాకి. మందుగుండు లేక, ఒత్తిడిగాలితో 4.5 మిల్లీమీటర్ల సీసపుబిళ్లను వదలు ఈ తుపాకిని ఇంటిపెరటిలో సాధన చేయవచ్చును. 1984 లాస్ ఏంజెల్సు ఒలింపిక్సులో పదిమీటర్ల గాలితుపాకి పోటీ చేరుటతో ఇది బాలుర యాటవస్తువు స్థాయిని దాటెను. దాని గురికాగితపు వలయము లన్నియు కలిసి 45.5 మిల్లీమీటర్లు, అనగా యాబదిమీటర్ల దూరమున బయథ్లాన్ క్రీడాకారుడు బోర్ల పరుండి కొట్టు బిళ్లయంత. నడిమి చుక్క అరమిల్లీమీటరు మాత్రమే.

ఈ కిటికీనుండి లోకమును చూచిన హైదరాబాదు బాలుడు గగన్ నారంగ్. 1983 మే 6 వ తేదీన చెన్నపట్టణమున జన్మించి, తండ్రి విమానసంస్థ యుద్యోగము వలన హైదరాబాదున పెరిగి, బేగంపేటలో బడి చదువును, ఉస్మానియా విశ్వవిద్యాలయమున కంప్యూటరు పట్టమును ముగించినవాడు. ఆతని వంశమున నవాబులు గాని సేనానులు గాని లేరు. పదునాలుగేండ్ల ప్రాయమున తండ్రి కొనియిచ్చిన గాలిపిస్తోలుతో ప్రారంభమైన సాధన త్వరలో రైఫిలునకు మారినది. మంచి రైఫిలు కొనుటకై తండ్రి యింటిస్థలమునే అమ్మెనను సంగతి ప్రసిద్ధము. రాజు కోశాగారమునుండి వచ్చిన ఆయుధము కాదది. జీతగాని కుటుంబము తన నిలువనీడను తూకము వేసి కొన్న వస్తువు.

2003 అక్టోబరులో హైదరాబాదు నగరము ఆఫ్రికా ఆసియా క్రీడలకు ఆతిథ్య మిచ్చినపుడు, ఇరువదియేండ్ల నారంగ్ తన ఊరివారి యెదుటనే పదిమీటర్ల గాలితుపాకి పోటీలో స్వర్ణమును గెలిచెను. అంతకు ముందు సంవత్సరమే, 2002 డిసెంబరులో, జాతీయ క్రీడల నిమిత్తము గచ్చిబౌలిలో క్రీడాప్రాంగణములు, ఉస్మానియా ఆవరణలో సైకిలు పందెముల వెలోడ్రోమ్ వెలసినవి. పోటీలు వచ్చి పోవును; మైదానములు నిలిచియుండును. అతని తరమునకు నగరమిచ్చిన కానుక ఆ మైదానములే.

అటుతరువాతి యాతని ప్రస్థానము గెలుపుల జాబితా మాత్రము కాదు. 2004 ఏథెన్సులో తుదిపోటీకి చేరలేదు. 2006 మెల్‌బోర్ను కామన్వెల్తు క్రీడలలో నాలుగు స్వర్ణములు గెలిచి, రెండేండ్లకు బీజింగు ఒలింపిక్సులో ప్రాథమికపోటీలో ఆరువందలకు 595 తెచ్చుకొని, ఎనిమిదవస్థానము కొఱకు సమానులైనవారితో జరిపిన పోలికలో వెనుకబడి తొమ్మిదవవాడుగా నిలిచెను. తుదిపోటీకి ఎనిమిదిమందికి మాత్రమే చోటు. అదే పోటీలో అభినవ్ బింద్రా దేశమునకు మొదటి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణమును తెచ్చినాడు. సహచరుని జయధ్వానముల నడుమ తన వెంట్రుకవాసి యోటమిని దిగమ్రింగుట గుండెనిబ్బరమునకు పరీక్ష. మూడునెలలకే, నవంబరులో, బ్యాంకాకు ప్రపంచకప్ తుదిపోటీలలో ఆరువందలకు ఆరువందలును సాధించి, మొత్తము 703.5 పాయింట్లతో ప్రపంచరికార్డును నెలకొల్పెను. బీజింగులో లోపించినది నేర్పు కాదనుటకు ఇంతకంటె ప్రబలమైన సాక్ష్యమేమి కావలెను?

2010 ఢిల్లీ కామన్వెల్తు క్రీడలలో మరల నాలుగు స్వర్ణములు. అదేయేట మ్యూనికు ప్రపంచ పోటీలలో కాంస్యముతో లండను ఒలింపిక్సునకు అర్హత. 2011 లో దేశపు అత్యున్నత క్రీడాపురస్కారమగు ఖేల్‌రత్న. తుదకు 2012 జూలై 30 వ తేదీన లండనులో 701.1 పాయింట్లతో కాంస్యపతకము. స్వర్ణము గెలిచిన రుమేనియా దేశీయుడు మోల్డొవియానునకును ఆతనికిని నడుమ అంతరము ఒక్క పాయింటు. బీజింగులో వెంట్రుకవాసిగా ఓడినవాడు లండనులో వెంట్రుకవాసిగా నిలిచెను. లెస్టాండరు ఇరువదిగుండ్ల కథకు మన యుష్ణదేశపు రూపమిది: మంచుబాటపై పరుగు లేకున్నను, నాలుగేండ్ల నిరీక్షణ యనెడి యెత్తుపల్లముల బాట కలదు, దాని చివర గుండె నెమ్మదింపవలసిన క్షణము కలదు.

ఆతడు తన విద్యను తనతోనే ముగియనీయలేదు. 2011 లో పూనాలో గన్ ఫర్ గ్లోరీ యను శిక్షణాలయమును స్థాపించి, పిదప హైదరాబాదుతో సహా పలుపట్టణములకు వ్యాపింపజేసెను. ఈ శిక్షణలో తేరిన హైదరాబాదు బిడ్డలలో ఈషాసింగు 2005 లో జన్మించి, పదుమూడేండ్ల ప్రాయముననే 2018 లో జాతీయ పిస్తోలు విజేతయై, 2023 లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ఒక స్వర్ణమును మూడు రజతములను గెలిచినది. ధనుష్ శ్రీకాంత్ పుట్టుకతోనే వినికిడి లేనివాడు. 2022 లో బ్రెజిలులో జరిగిన బధిర ఒలింపిక్సులో గాలితుపాకి వ్యక్తిగత, మిశ్రమ పోటీలు రెంటిలోను స్వర్ణములు సాధించెను. ఎగురు బిళ్లలను కొట్టు పోటీలో కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్సునకు వెళ్లెను. నిజాము కాలమున మంచెపై కూర్చుండి తుపాకి పట్టు భాగ్యము వయస్సు, కులము, లింగము, పదవి చూచి వచ్చెడిది. నేడు పదుమూడేండ్ల పిల్లయు, చెవులు వినరాని బాలుడును గురిరేఖ వెనుక సమానముగా నిలుచుచున్నారు. గురిమైదానపు నిశ్శబ్దములో ఒకరిని మరియొకరినుండి వేరుచేయునది ఐదున్నర కిలోల లోపు బరువు గల రైఫిలుకొన కదలిక మాత్రమే.

మరి బయథ్లాన్ మాటయేమి? మంచు లేని దక్కనులో నది యెట్లు పుట్టును? హిమాలయములలో 1948 నాటినుండి గుల్మార్గులో సైన్యము స్కీవిద్యను బోధించుచున్నది. కాని యదియును త్రీసిల్ వలె ఊరివారి పాఠశాల కాక సైనికుల పాఠశాలగానే వెలయుచున్నది. ఈ సంగతియే మన చరిత్ర నంతటిని సంగ్రహించుచున్నది. బయథ్లానునకు కావలసిన యంగములు మనయొద్ద లేక కాదు. తెల్లవారుజామున ఉస్మానియా ఆవరణ దారులలో ఆర్ట్సు కాలేజి చుట్టు తిరిగి తార్నాక ద్వారము వరకు పరుగెత్తువారి సంఖ్య తక్కువది కాదు. క్రీడాకారుని దేహమునకు ఎంత తిండి యెప్పుడు కావలెనో లెక్కగట్టు జాతీయ పోషకాహార సంస్థ 1958 లో కూనూరునుండి తార్నాక ప్రక్కకే తరలివచ్చినది. తుపాకి కాల్చువాడు వేరు, పరుగెత్తువాడు వేరు, పరిశోధించువాడు వేరు. ఒకరి దారి మరియొకరికి తెలియదు. శీతలదేశములలో వేసవివేళ చక్రముల స్కీలపైనను, కొన్నిచోట్ల కాలినడక పరుగుపైనను ఈ క్రీడను సాగించు పద్ధతి కలదు గావున, మంచులేమి యొక్కటే అడ్డంకి యనుట సరికాదు.

అసలడ్డంకి ప్రారంభమున చెప్పిన మొదటి ప్రశ్నలోనే యున్నది. దేనిపై గురిపెట్టవలెనను ప్రశ్నకు మనము చక్కని సమాధానమే యిచ్చితిమి: పులినుండి, శత్రువునుండి, దొరనుండి గురిని త్రిప్పి, అరమిల్లీమీటరు చుక్కపై నిలిపితిమి. తుపాకి నెవరు పట్టవచ్చునను ప్రశ్నకు మాత్రము సగము సమాధానమే దొరకినది. కోటయొక్క గుత్తాధికారము పోయి, ఎన్.సి.సి. వచ్చి, ఐదు గుండ్ల రుచి పెక్కు కాలేజీలకు తెలిసినది. కాని యా ఐదుగుండ్ల పిమ్మట విద్యను కొనసాగింపవలెనన్నచో లక్షలు పలుకు రైఫిలును, గట్టి కుట్టుపనితో చేసిన దుస్తులును, రోజు రోజునకు వందలకొలది సీసపుబిళ్లలును కావలెను. అమ్ముటకు ఇంటిస్థలము గల తండ్రి కొడుకు ఒలింపిక్సునకు చేరినాడు. స్థలమే లేని తండ్రి బిడ్డ క్యాంపు ముగియగానే తుపాకిని ఉస్తాదునకు తిరిగి యప్పగించుచున్నది.

నార్వేవారు 1861 లో పరిష్కరించినది ఈ చిక్కునే. వారు విజేతలను వెదకలేదు. ఊరికొక మైదానమును, మైదానమునకు కొన్ని తుపాకులను, వాటిని నేర్పు నొక యుపాధ్యాయుని ఉమ్మడి ఖర్చుతో నుంచిరి, నూరేండ్లకు విజేతలు తామే పుట్టుకొనివచ్చిరి. విశ్వవిద్యాలయ గ్రంథాలయమునందు పేదవిద్యార్థి పుస్తకమును కొనక చదువుకొనుచున్నాడు. ప్రయోగశాలలో పరికరమును కొనక వాడుకొనుచున్నాడు. ఆ న్యాయమే రైఫిలునకును వర్తింపజేసి, ప్రతి విశ్వవిద్యాలయమునందు పదిమీటర్ల గురిశాలను, గ్రంథాలయ పుస్తకము వలె సంతకము చేసి తీసికొని తిరిగి యిచ్చు ఉమ్మడి తుపాకులను నెలకొల్పినచో, గురివిద్య కోట దాటి, ఖజానా దాటి, తన మూడవ మజిలీకి చేరును. ఈ పనికి పదిమీటర్ల గది, పది రైఫిళ్లు, నేర్పుగల యొక గురువు చాలును. ఆ గది తాళపుచెవి యొక్క తరమువారి చేతిలోనే యుండిపోకుండ చూచుకొనుట మాత్రము పాలకుల బాధ్యత.